ప్లినీని విలన్‌ని చేయకు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. తొలి క్రైస్తవులు రోమ్ ముందు తమను తాము ఎలా సమర్థించుకున్నారన్నది మంచి విషయమే. కానీ నీ రోమన్ అధికారులంతా పౌరాణిక నాటకంలో రాక్షసుల్లా పళ్లు నూరుతున్నారు. వ్యాసం తేలిపోయింది అక్కడే.

ముందు ప్లినీ ఉత్తరం చదువు. క్రీ.శ. 112 ప్రాంతంలో, నల్లసముద్రం ఒడ్డున బిథీనియాకి గవర్నరుగా ఉంటూ ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. క్రైస్తవుల నేరమేమిటో ఆయనకే సరిగ్గా తెలియదు. అయినా ‘నువ్వు క్రైస్తవుడివా’ అని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ ఔనన్నవాళ్లను చంపించాడు. కాదన్నవాళ్ల చేత చక్రవర్తి బొమ్మ ముందు సాంబ్రాణి వేయించి, క్రీస్తును తిట్టించి వదిలేశాడు. ఇద్దరు దాసీలను చిత్రహింసలు పెట్టినా, మితిమీరిన మూఢనమ్మకం తప్ప ఏమీ దొరకలేదట. రోమన్ దేవుళ్లకిచ్చిన బలిమాంసానికి మళ్లీ గిరాకీ వస్తోందని సంతోషపడ్డాడు కూడా! చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. ఆయన్ని అలాగే ఉంచితేనే పాఠకుడికి భయం పుడుతుంది.

ట్రాజన్ జవాబేమిటంటే, వెతికి పట్టుకోవద్దు, ఎవరైనా పట్టిస్తే మాత్రం శిక్షించు. ఆకాశరామన్న ఉత్తరాలు పట్టించుకోకు.

197లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో క్రైస్తవ రచయిత టెర్టూలియన్ పట్టుకున్నది సరిగ్గా దీన్నే. నిర్దోషులైతే శిక్షెందుకు, దోషులైతే వెతకొద్దనడమెందుకు? మిగతా నేరస్థుల్ని ఒప్పుకోమని హింసిస్తారు, మమ్మల్ని కాదనమని హింసిస్తారేం? అవతలివాళ్ల కాగితంతోనే అవతలివాళ్ల నోరు మూయించాడు. రోమ్‌లో టైబర్ నది పొంగినా, నైలు పొంగకపోయినా ‘క్రైస్తవుల్ని సింహానికి వెయ్యండి’ అంటారని చెప్పి, ‘అంతమందినీ ఒక్క సింహానికా?’ అని చురక వేస్తాడు. ప్రాణాల మీదికొచ్చిన చోట ఆ వెటకారం! (మీ గుళ్లు తప్ప అన్నిచోట్లా మేమే నిండిపోయాం అంటాడు చూడు, అది ప్లీడరు కోత. జనాభా లెక్కగా రాయకు.)

నువ్వు వీళ్లను తిరుగుబాటుదారుల్ని చేశావు. అది కుదరదు. చక్రవర్తిని దేవుడనం, ఆయన క్షేమం కోసం మా దేవుణ్ణి ప్రార్థిస్తాం అన్నదే వాళ్ల వాదన. 180లో కార్తేజ్ విచారణలో స్పెరాటస్ అనే క్రైస్తవుడు, తాను ఏది కొన్నా పన్ను కడుతున్నానని ప్రోకాన్సుల్‌కి, అంటే రోమన్ గవర్నరుకి చెప్పాడు. ఆలోచించుకోమని 30 రోజులు గడువిస్తే వద్దన్నాడు. ఆ విచారణ రికార్డు చాలా చిన్నది, విశేషణాలు దాదాపు ఉండవు. నీ మూడో పేజీ పక్కన పెట్టుకుని చదువు.

313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రైస్తవానికి అనుమతి ఇచ్చాడన్న చివరి పేరా తీసెయ్. స్పెరాటస్‌కి ఆ సంగతి తెలియదు. ప్లినీతో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.