నీళ్లు తాగితే చదువు తలకెక్కుతుందా?

ప్రశ్న: గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. పొద్దున 8 గంటలకు రీడింగ్ రూమ్‌కు వస్తే సాయంత్రం దాకా అక్కడే. పదకొండు దాటిందంటే తల బరువెక్కుతుంది, చదివిన పేరానే మళ్లీ మళ్లీ చదువుతాను. ఇంటికెళ్లాక చిన్న మాటకే అమ్మను కసురుకుంటున్నాను. ఇక్కడి బాత్రూమ్ బాగుండదని నీళ్లు పెద్దగా తాగను. కారణం అదేనా? రోజుకు ఐదు లీటర్లు తాగితే బుర్ర చురుగ్గా ఉంటుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చాలావరకు అదే కావచ్చు. ఒంటి బరువులో ఒకటిన్నర శాతం నీరు తగ్గినా మెదడుకు తెలిసిపోతుంది. 55 కిలోల మనిషికి అది సుమారు 800 మి.లీ. రాత్రి పదింటికి నీళ్లు తాగి పడుకుని, పొద్దున ఒక్క చాయ్‌తో బయల్దేరి, మే నెల ఉక్కలో ఫ్యాన్ కింద కూర్చుంటే మధ్యాహ్నానికల్లా ఆ లోటు రావచ్చు. ఆరోగ్యంగా ఉన్న యువతుల మీద చేసిన ప్రయోగంలో ఈపాటి లోటుకే తలనొప్పి వచ్చింది, చిరాకు పెరిగింది, పని మీద మనసు నిలపడం కష్టమనిపించింది. పరీక్షల్లో స్కోరు మాత్రం పెద్దగా పడిపోలేదు. అంటే మీ తెలివి ఎటూ పోలేదు, అదే పనికి రెట్టింపు కష్టపడుతున్నట్టు అనిపిస్తోందంతే.

జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది రోజుకు సుమారు 2 లీటర్లు. మన ఎండాకాలంలో ఇంకో అర లీటరు నుంచి లీటరు కలపండి. అయితే ఎంత తాగామన్నదే కాదు, ఎలా తాగామన్నదీ ముఖ్యమే. అర లీటరు గటగటా తాగితే అందులో కొంత భాగం త్వరగానే మూత్రంగా పోతుంది, మీరు భయపడే బాత్రూమ్ ప్రయాణం అప్పుడే వస్తుంది. లేవగానే గ్లాసున్నర, టిఫిన్‌తో ఒక గ్లాసు తాగి, ఇంట్లోనే బాత్రూమ్‌కు వెళ్లి బయల్దేరండి. లీటరు బాటిల్ మీద మార్కర్‌తో 250 మి.లీ.కు ఒక గీత గీసుకోండి. పదికి ఒక గీత, పదకొండున్నరకు ఒకటి, భోజనంతో ఒకటి, మూడింటికి ఒకటి. భోజనంలో కాస్త ఉప్పు వేసిన మజ్జిగ ఉంటే ఆ నీరు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. చాయ్ కూడా లెక్కలోకే వస్తుంది, కానీ నీళ్ల బదులు చాయ్ వద్దు.

మూడు నాలుగు గంటలకోసారి మూత్రానికి వెళ్లాల్సిందే. ఆపుకొంటూ ఉంటే ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అక్కడ చదివే అమ్మాయిలంతా కలిసి బాత్రూమ్ శుభ్రం చేయించమని నిర్వాహకులను గట్టిగా అడగండి. ఫీజు తీసుకున్నవాళ్లు చేయాల్సిన పని అది.

సరిపోతోందో లేదో మూత్రం రంగే చెబుతుంది. పలచటి నిమ్మరసంలా ఉంటే చాలు, ఆవనూనెలా ఉంటే తక్కువైనట్టు. బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మాత్రం ఈ గుర్తు పనికిరాదు, అప్పుడు ఎలాగూ పచ్చగానే వస్తుంది.

ఐదు లీటర్ల మాట వదిలేయండి. కిడ్నీలు గంటకు లీటరుకు మించి బయటికి పంపలేవు. అంతకుమించి తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వికారం, అయోమయం వస్తాయి.

పది రోజులు ఇలా తాగినా మగత తగ్గకపోతే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే నీళ్లతో తీరేది కాదు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

ప్రశ్న: మా అత్తమ్మకు 72 ఏళ్లు. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లే తాగదు. మధ్యాహ్నానికి మందకొడిగా అయిపోతుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వయసు పెరిగేకొద్దీ దాహం మందగిస్తుంది, కాబట్టి దప్పికైతే అడుగుతుందిలే అనుకోవద్దు. రోజుకు కావాల్సిన దాంట్లో ఎక్కువ భాగం సాయంత్రం ఐదులోపే ఇచ్చేయండి: పొద్దున అంబలి, పది గంటలకు సగం గ్లాసు, భోజనంలో సల్ల, నాలుగింటికి పుచ్చకాయ ముక్కలు. చేతికి అందేలా చిన్న చెంబు పెడితే గ్లాసు నిండా ఇచ్చినప్పటికన్నా ఎక్కువే తాగొచ్చు. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నా, బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడుతున్నా డాక్టరు చెప్పిన కొలతే పాటించండి. ఉన్నట్టుండి మనుషులను గుర్తుపట్టకపోయినా, మాట తడబడినా నీళ్లు తాగించి చూద్దామని ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.