పాత వేట ఫొటోల్లో తుపాకీని గుర్తుపట్టడం ఎలా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పాతసామాన్ల సంతలో ఒక పోస్టుకార్డు ఫొటో కొన్నాను. నలుగురు మగవాళ్ళు, వెనక తాడుకు వేలాడదీసిన బాతులు. ఒకతని తుపాకీ వెనక భాగం గూనిలా లేచి ఉంది. ఇంకొకతనిది పంపు తుపాకీ (గొట్టం కింది పిడిని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించేది), బయటికి హ్యామర్, అంటే తూటాను పేల్చే సుత్తి లాంటి భాగం, లేదు. దాని కుడి పక్క పూర్తిగా కనిపిస్తోంది గానీ ఖాళీ తూటా బయటపడే కిటికీ లేదు. కార్డు వెనక నడిమి గీత ఉంది. స్టాంపు గడిలో ‘ఏజో’ అన్న పేరు, నాలుగు మూలలా పైకి చూసే త్రికోణాలు ఉన్నాయి. ఇది ఏ కాలపుది? – ఒక పాఠకురాలు, కొలంబస్, ఒహాయో

జవాబు: కార్డు వెనకవైపు ఇంత జాగ్రత్తగా చూసినందుకు మెచ్చుకోవాలి. చాలామంది తుపాకీ దగ్గరే ఆగిపోతారు. ఏజో అనేది ఫొటో కాగితం పేరు. దాని మీద నాలుగు త్రికోణాలూ పైకి ఉంటే అది 1904–1918 నాటి కాగితం. రెండు పైకి, రెండు కిందికి ఉంటే 1918–1930. నడిమి గీత ఉన్న కార్డులు అమెరికాలో 1907 మార్చి 1 నుంచి చెల్లాయి. అంటే మీ కాగితం 1907కు, 1918కి మధ్యది. స్టూడియోలో మిగిలిన పాత ప్యాకెట్లను తరవాత వాడే వీలుంది కాబట్టి 1918 దాటి ఒకటి రెండేళ్ళు సందు వదలండి.

ఇక పంపు తుపాకీ. అసలు ఆధారం అందులోనే ఉంది. హ్యామర్ బయటికి కనిపిస్తే ముందు 1897 వించెస్టర్‌ను అనుమానించాలి. హ్యామర్ లేకుండా కుడి పక్క కిటికీ ఉంటే 1912లో వచ్చిన వించెస్టర్ మోడల్ 12, లేదా దాని పోటీదార్లు. మీ దానికి కిటికీయే లేదంటే తూటా వెళ్ళేదీ, ఖాళీ డొప్ప పడేదీ అడుగునుంచే. ఆ పద్ధతిలో బాగా అమ్ముడైనవి మూడు: 1908 ప్రాంతంలో వచ్చిన రెమింగ్టన్ మోడల్ 10, 1921 నాటి రెమింగ్టన్ మోడల్ 17, 1937 నాటి ఇథాకా 37. చివరి రెండింటినీ మీ కాగితమే తోసిపుచ్చుతోంది. మోడల్ 10 అని ధైర్యంగా రాసుకోవచ్చు.

గూని తుపాకీ, అంటే పేల్చగానే తనంతట తానే మరో తూటా ఎక్కించుకునేది, జాన్ బ్రౌనింగ్ రూపకల్పన. బెల్జియంలో ఎఫ్‌ఎన్ కంపెనీ, అమెరికాలో 1905 నుంచి రెమింగ్టన్ తయారుచేశాయి. రెండింటికీ తేడా తెలియాలంటే ఎడమ పక్క చూడాలి. బ్రౌనింగ్‌కు మామూలుగా అక్కడ, ముందువైపు, తూటాల గొట్టాన్ని ఆపే చిన్న మీట ఉంటుంది. రెమింగ్టన్‌కు ఉండదు. ఎడమ పక్క కనిపించకపోతే పేరు ఖాయం చేయకండి. కాకపోతే అప్పట్లో అమెరికాలో అమ్మకపు హక్కు రెమింగ్టన్‌ది, కాబట్టి అదే అయ్యే అవకాశం ఎక్కువ.

మొత్తానికి ఫొటో 1908కి ముందుది కాదు, 1918కి చాలా తరవాతదీ కాదు. తుపాకీ ఎప్పుడూ ‘ఇంతకు ముందుది కాదు’ అని మాత్రమే చెబుతుంది. తండ్రి తుపాకీని కొడుకు నలభై ఏళ్ళు వాడతాడు. ఇటువైపు హద్దు కాగితమో, చట్టమో చెప్పాలి. ఉదాహరణకు కాళ్ళకు తాడు కట్టిన ఎర బాతులు అమెరికన్ ఫొటోలో కనిపిస్తే, వాటిని నిషేధించిన 1935కు ముందుదని అనుకోవచ్చు.

ప్రశ్న: మా తాతగారు రెండు గొట్టాల తుపాకీతో, కొల్లేటి బాతులతో దిగిన ఫొటో ఉంది. తుపాకీకి బయటికి రెండు హ్యామర్లు ఉన్నాయి. ‘మాంటన్ కంపెనీది, వందేళ్ళ పైమాటే’ అంటారు ఇంట్లో. ఫొటోతో తేలుతుందా? – ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: కంపెనీ పేరు ఫొటోతో తేలదు. ఆ పేరు రెండు గొట్టాల మధ్య పట్టీ మీదో, హ్యామర్ల కింది రేకు మీదో చెక్కి ఉంటుంది. పైగా కలకత్తాలో మాంటన్, రోడా లాంటి దుకాణాలు అమ్మిన తుపాకులు చాలామట్టుకు బర్మింగ్‌హామ్‌లో తయారైనవే, మీద దుకాణం పేరు వేసేవారు.

ఫొటోలో చూడవలసినవి వేరే ఉన్నాయి. గొట్టాల కింద మందు దట్టించే కడ్డీ ఉంటే నోటినుంచి నింపే బర్మార్ తుపాకీ. గొట్టాల వెనక కొస మీద చిన్న మేకుల్లాంటివి నిలబడి ఉంటే పిన్‌ఫైర్, అంటే 19వ శతాబ్ది నడిమి నాటి పద్ధతి. ఆ రెండూ లేకపోతే తెరిచే మీట ఎక్కడుందో చూడండి. ట్రిగ్గర్ కాపుకు అంటుకుని అడుగున ఉంటే పాత పద్ధతి, పైన బొటనవేలికి అందేలా ఉంటే ఆ తరవాతది. అయితే హ్యామర్లున్నంత మాత్రాన వందేళ్ళది కాదు. హ్యామర్ లేని యాన్సన్–డీలీ పద్ధతికి 1875లోనే పేటెంటు వచ్చినా, చవక అని హ్యామర్ తుపాకులు 20వ శతాబ్దంలోనూ తయారయ్యాయి. తాతగారి పాత లైసెన్సు పుస్తకం వెతకండి. డి.బి.బి.ఎల్. (వెనకనుంచి నింపే రెండు గొట్టాల తుపాకీ) అన్నచోట తయారీదారు పేరు, తుపాకీ నంబరు ఉంటే దానికి మించిన ఆధారం లేదు.

ప్రశ్న: ఫొటోనుంచి గొట్టం పొడవు, బోరు కనుక్కోవచ్చా?

జవాబు: రెండు గొట్టాల తుపాకీ అయితే పొడవు దాదాపుగా తెలుస్తుంది. ముందు ట్రిగ్గర్‌నుంచి కర్ర బట్ చివరిదాకా మామూలుగా 14 అంగుళాలు. ఫొటోలో అది 35 మిల్లీమీటర్లు, గొట్టం 75 ఉంటే 75ను 35తో భాగించి 14తో గుణించండి, 30 అంగుళాలు వస్తుంది. తుపాకీ కెమెరాకు అడ్డంగా ఉండాలి. గొట్టం మూతి కెమెరావైపు తిరిగి ఉంటే పొడవు ఎక్కువ చూపిస్తుంది. పంపు తుపాకులకు ఈ లెక్క పనికిరాదు, గొట్టం వెనక కొస లోపల దాగి ఉంటుంది.

బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత, చెప్పలేం. 12 బోరుకు, 16 బోరుకు లోపలి వ్యాసంలో తేడా 1.7 మిల్లీమీటర్లు. పైన చెప్పిన ఫొటోలో అది మిల్లీమీటరులో ఆరో వంతు.

ప్రశ్న: రేకు మీది పాత ఫొటోలో అందరూ ఎడమచేతి వాటంగా కనిపిస్తున్నారు. ఎందుకు?

జవాబు: టిన్‌టైప్ బొమ్మ కుడి ఎడమలు తారుమారై వస్తుంది. కోటు చూడండి. మగవాళ్ళ కోటుకు ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి. తిరగబడి ఉంటే కంప్యూటర్లో తిప్పాకే తుపాకీ సంగతి చూడండి.

ప్రశ్న: స్కాన్ ఎలా చేయాలి?

జవాబు: పోస్టుకార్డు ఫొటోలు చాలావరకు నెగెటివ్‌ను నేరుగా ఆనించి తీసినవి, కాబట్టి వివరం బాగా నిలుస్తుంది. 1200 డీపీఐలో, టిఫ్ ఫైలుగా, స్కానర్‌లోని పదును పెంచే సెట్టింగ్ ఆపేసి తీయండి. పత్రికలో అచ్చయిన బొమ్మ అయితే ఎంత పెంచినా చుక్కలే వస్తాయి. ముఖాలను, వస్తువులను ‘స్పష్టం చేసే’ ఏఐ యాప్‌లను దయచేసి వాడకండి. అవి లేని హ్యామర్‌ను గీస్తాయి, ఉన్న మీటను చెరిపేస్తాయి.