ప్రీగాబాలిన్‌తో తల తిరగడం, కాళ్ల వాపు: మానేయాలా?

అమ్మగారికి సయాటికాకి (నడుము నుంచి కాలిలోకి పాకే నరం నొప్పికి) ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందు 75 మి.గ్రా. మొదలుపెట్టాక తల తిరుగుతోంది, పాదాలు ఉబ్బాయి, మానిపించేయాలా అని అడిగారు కదండీ. మీ అంతట మీరు మానిపించకండి. ఆ తప్పు నేను చేశాను. రెండు నెలలు వాడి ఒక్కసారిగా ఆపేస్తే మూడు రాత్రులు కునుకు లేదు, ఒళ్లంతా చెమటలు, పైగా నొప్పి మళ్లీ మొదటికొచ్చింది. కనీసం వారం పట్టేలా మెల్లగా తగ్గించాలి.

ఆ తర్వాత మా డాక్టరు నాకు పొద్దుటి మాత్ర తీసేసి రాత్రి ఒక్కటే ఉంచారు, మత్తు చాలావరకు పోయింది. (బరువు ఆరు కిలోలు పెరిగాను, అది వేరే ఏడుపు.) ఈ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించండి, ఎక్కువుంటే డోసు తగ్గిస్తారు. షుగరుకి పయోగ్లిటాజోన్ వాడుతుంటే వాపు ఇంకా పెరగొచ్చు, ఆ చీటీ కూడా పట్టుకెళ్లండి. ఆయాసం వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి. రాత్రి బాత్రూమ్‌కి ఒంటరిగా పంపకండి.