మండితే మండిందనే రాయి

అమ్మాయ్,

ముందు ఓ మాట. మేడమ్ మేడమ్ అని రాయకు. మా వైపు మేడమ్ అంటే బ్యాంకులో కౌంటర్ వెనకాల కూచునే ఆవిడే. పిన్నిగారూ అను చాలు.

ఒంటికీ జుట్టుకీ ఇంటి చిట్కాల మీద నువ్వు రాసి పంపిన పన్నెండు పేజీలూ మొన్న మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఫోన్‌లోనే చదివేను, కళ్ళు లాగేయి గానీ ఆపలేదు, ఏడో పేజీదాకా. ఏడో పేజీలో నిమ్మరసం మొహానికి రాసుకుని డాబా మీద కూచున్నానన్నావు చూడు, "కొంచెం మండింది, అంటే పని చేస్తున్నట్టే లెక్క" అన్నావు. అక్కడ ఫోన్ పక్కన పడేసి వెళ్ళి కాఫీ పెట్టుకున్నాను. తాగొచ్చి మళ్ళీ చదివితే మళ్ళీ అంతే కోపం వచ్చింది. ఎవరు చెప్పేరే నీకు, మండితే పని చేస్తోందని? మన ఒంటి చర్మం పీహెచ్, అంటే పులుపు కొలిచే లెక్క, సుమారు 5.5 దగ్గరుంటుంది, నిమ్మరసం 2 చిల్లర. ఆ లెక్కలో ఒక్కో అంకె దిగితే పులుపు పది రెట్లు పెరిగినట్టు, అంటే నువ్వు మొహానికి రాసుకున్నది నీ చర్మం కంటే వెయ్యి రెట్లు పైగా పుల్లటి సరుకు. పైగా ఎండలో కూచున్నావు. నిమ్మకాయలో సోరాలెన్ లాంటివి ఉంటాయి, అవి చర్మం మీదుండగా ఎండ తగిలితే ఒకట్రెండు రోజులాగి ఎర్రగా కాలినట్టు వస్తుంది, బొబ్బలు కూడా రావచ్చు, ఆ తర్వాత నల్లమచ్చ, అది నెలలు ఉండిపోతుంది. తెల్లబడదామని పోయి నల్లమచ్చ తెచ్చుకోవటం అన్నమాట. నీకు రాలేదు, అదృష్టం. నిన్ను చూసి ఇంకోత్తి రాసుకుంటే?

నాకు కోపం నిమ్మకాయ మీద కాదు. నువ్వు అబద్ధం చెప్పేవని కూడా కాదు, నువ్వు నిజమే రాసేవు, మండిందని రాసేవు. రాసిన మరుక్షణం ఆ నిజం మీద గుడ్డ కప్పేసేవు, "అయితేనేం" అని. నీ పన్నెండు పేజీల్లో ఇలాంటి చోట్లు నాలుగున్నాయి. గుంటగలగరాకు నూనె రాస్తే మూడు వారాల్లో జుట్టు రెండంగుళాలు పెరిగిందిట. తల్లీ, ఎవరి జుట్టైనా నెలకి అర అంగుళం పెరిగితే గొప్ప. నువ్వు టేపు పెట్టి కొలిచేవా, లేకపోతే నూనె పెట్టి దువ్వితే సాగి పొడుగ్గా కనపడిందా? ఆ నూనె గురించి నువ్వు రాయంది నేను చెప్పనా? దిండు గలీబు నల్లగా ఆకుపచ్చగా మరకలు పడి ఉంటుంది, ఉతికినా పోయుండదు, మీ అమ్మగారు తిట్టుంటారు. అదీ రాయాల్సింది! కాలవ గట్టు మీద ఆ ఆకు ఎవరు కోసేరు, చెప్పులకి బురదెంత అంటుకుంది, కాచేప్పుడు ఆకులో తడి చిటపటలాడి నూనె ఎంత ఎగిరింది, ఆ చిటపట ఆగిపోతే నూనె దింపాలని నీకెవరు చెప్పేరు. కొబ్బరినూనె సంగతి కూడా అంతే. 2003లో ఒక పరిశోధన అచ్చయింది, కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూస్తే వెంట్రుకలోంచి ప్రొటీన్ పోవటాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటేనని. అది చాలదా? జుట్టు మొలిపిస్తుందని వాళ్ళు కూడా అనలేదు. అంబాజీపేట పక్కన పుట్టి, కురిడీలు గానుగాడించి తెచ్చుకునే ఇంట్లో పెరిగి, ఆ నూనెకి నువ్వు కొత్తగా గొప్పలు తగిలించాలా? ధనుర్మాసంలో తెల్లారగట్ల సీసాలో అది గడ్డకట్టి, పిన్నీసుతో కెలికితే చిన్న గుంట పడి అందులోంచి రెండు చుక్కలు రావటం, ఆ సీసా ఎండలో మెట్టు మీద పెట్టడం, ఇవి నీ పేజీల్లో ఎక్కడా లేవు. ఫోన్లో ఎవరెవరో పెట్టే డే వన్, డే సెవెన్ మాత్రం ఉన్నాయి.

"సహజమైన" అనే మాట పదహారు సార్లు వాడేవు. లెక్కపెట్టేను, కరెంటు రాలేదు కదా, వేరే పనేముంది. ఆ మాట తీసేసి చదువు, ఏ వాక్యానికీ నష్టం లేదు. ఉమ్మెత్త కాయ సహజమే. దురదగొండి సహజమే. మన సున్నిపిండిలో వేసే బావంచాలు సహజమే గానీ వాటిల్లోనూ అదే సోరాలెన్ ఉంది, బొల్లికి మందుగా వాడి ఎండలో నిలబెట్టేది దానికోసమే. మరి నలుగు పెట్టుకుని సరిగ్గా కడుక్కోకుండా మిట్టమధ్యాహ్నం చేలోకి పోతే ఏమవుతుందో? మన పెద్దవాళ్ళు ఏ గింజ ఎంత వెయ్యాలో గుప్పెడు, చిటికెడు అని చెప్పేరంటే ఊరికే చెప్పలేదు, నువ్వు ఆ చిటికెడు వదిలేసి "అన్నీ కలిపి పౌడర్ చేసుకోవాలి" అన్నావు. కడియం నర్సరీలో కొన్నానన్నావే కలబంద, మట్ట కొయ్యగానే పచ్చగా చేదు జిగురు కారుతుంది, ఆ కోసిన వైపుని పావుగంట కిందకి వాల్చి ఉంచకపోతే కొందరికి ఒళ్ళంతా దురద. నీకు ఆ జిగురు కనపడే ఉంటుంది. "చల్లగా, హాయిగా" అని రెండు మాటలు పెట్టి ఊరుకున్నావు.

ఇంత తిట్టేను కదా, అసలు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే మూడో పేజీ కోసం. కుంకుడురసం కళ్ళల్లో పడి నువ్వు ఏడుస్తుంటే మీ అమ్మమ్మ నోట్లో ఉప్పురాయి పెట్టింది, ఉప్పు కరిగేదాకా నోరు తెరవలేక ఏడుపు ఆగిపోయింది, అని రాసేవు. అంతే, రెండు వాక్యాలు. ఫోన్ పట్టుకుని అలా కూచుండిపోయేను. మా ఇంట్లోనూ పెట్టేవారు. ఉప్పు మంటని తగ్గిస్తుందో లేదో నాకు తెలీదు గానీ పిల్ల నోరు మూయిస్తుందని ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు, నువ్వు చూసేవు. రోట్లో కుంకుడుకాయలు చితక్కొడుతుంటే నల్లగింజలు ఎగిరి పడేవి, మేం ఏరుకుని గోళీలాడేవాళ్ళం, ఇత్తడి గిన్నెలో వేణ్ణీళ్ళు పోసి పిసికితే నురగ మోచేతిదాకా వచ్చేది. ఆ నురగకి కారణం కాయలో ఉండే సాపోనిన్లు, ఆ సంగతి నువ్వు చక్కగానే రాసేవు, కాదనను. ఆ రెండు వాక్యాల తర్వాత వెంటనే "కుంకుడుకాయ వల్ల లాభాలు" అని హెడ్డింగ్ పెట్టి చంపేసేవు. ఎందుకే?

ఎందుకో నాకు తెలుసులే. పత్రికలకి అలాగే కావాలనుకున్నావు. నేనూ అలాగే అనుకున్నాను ఒకప్పుడు.

1991లో సంగతి. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు, మా ఆయన జీతం సరిపోదు, ఒక వారపత్రికలో ఆడవాళ్ళ పేజీకి చిట్కాలు రాసేదాన్ని, చిట్కాకి పది రూపాయలు. కొబ్బరినూనెతో ఇంట్లో సబ్బు చేద్దామని అమలాపురంలో హార్డ్‌వేర్ షాపులో కాస్టిక్ సోడా కొన్నాను. సత్తుగిన్నెలో, అదే అల్యూమినియం గిన్నెలో కలిపేను, బుద్ధి తక్కువై. నీళ్ళు కుతకుతా ఉడికినట్టు పొంగి, ముక్కు కాలిపోయే ఆవిరి, గిన్నె నల్లబడి అడుగున సూది గుచ్చినట్టు చిల్లులు. సోడాకీ సత్తుకీ పడదు, హైడ్రోజన్ వస్తుందని తర్వాత తెలిసింది, పక్కనే స్టవ్ వెలుగుతోంది, ఏ దేముడు కాపాడేడో. మళ్ళీ స్టీలు గిన్నెలో, ఈసారి త్రాసు పెట్టి చేసేను. నూరు గ్రాముల కొబ్బరినూనెకి సోడా పద్దెనిమిది గ్రాముల చిల్లర పడుతుంది, నూనె కాస్త మిగలాలని ఇంకా తగ్గించే వెయ్యాలి, ఆరబెట్టి నాలుగైదు వారాలు ఆగాలి. అన్నీ రాసేను, చిల్లుల గిన్నెతో సహా. ముఖ్యంగా ఒక వాక్యం రాసేను: సోడాని నీళ్ళల్లో వెయ్యాలి గానీ సోడా మీద నీళ్ళు పోయకూడదు, ఎగజిమ్ముతుంది, అని.

అచ్చయి వచ్చింది. పైన "ఇంట్లోనే సులభంగా సబ్బు" అని పెద్దక్షరాల హెడ్డింగ్. గిన్నె లేదు. ఆవిరి లేదు. ఆ వాక్యమూ లేదు. ఫోన్ చేస్తే ఎడిటర్ గారు ఎంతో మర్యాదగా, "చివర్లో క్వార్టర్ పేజీ ఫేస్ క్రీమ్ యాడ్ వచ్చిందమ్మా, చోటు చాల్లేదు, ఆ కష్టాలన్నీ పాఠకులకెందుకులెండి" అన్నారు. నెల తిరిగేసరికి ఒక పోస్టుకార్డు వచ్చింది. "మీరు చెప్పినట్టే సోడా గిన్నెలో వేసి నీళ్ళు పోసేనండి. ఎడం చేత్తో రాస్తున్నాను, అక్షరాలు బాగోవు, ఏమనుకోకండి." అంతే. తిట్టలేదు ఆవిడ. తిట్టినా బాగుండేది. ఆ అక్షరాలు గీత మీంచి జారిపోతూ కార్డు కుడివైపు కిందకి పోయేయి, నాకు ఇప్పటికీ అలాగే కనపడతాయి. జవాబు రాద్దామంటే అడ్రసు సగం తడిసి అలికిపోయింది.

అప్పట్నించీ నాకు ఇదొక పిచ్చి పట్టుకుంది, మా పిల్లలు నవ్వుతారు కూడా. ఒంటి మీద జరిగింది రాయాలి, జరగాలనుకున్నది కాదు. కథైనా సరే, చిట్కా అయినా సరే. నువ్వు "కెమికల్స్ లేని సబ్బు" అని రాసినప్పుడు నాకు ఆ కార్డే గుర్తొచ్చింది. కాస్టిక్ సోడా లేకుండా సబ్బు ఎక్కడుందే? సబ్బయ్యేక సోడా మిగలదు, నిజమే, కానీ చేతికి గ్లౌజులేసుకుని చేసిన మనిషివి ఆ గ్లౌజులెందుకో రాయకుండా పువ్వుల రేకుల సంగతి రాసేవు. పైగా అమ్ముదామనుకుంటున్నానన్నావు, అమ్మితే లైసెన్స్ కావాలి, 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020లో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్, అవి చూసుకో. అది వేరే సంగతి.

యాడ్ల మీద నాకున్నంత కోపం యాడ్ల వాళ్ళ మీద లేదు సుమా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టి, ఆ డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక పెట్టేరు. కె.ఎన్. కేసరిగారు మద్రాసులో లోధ్ర అనే ఆడవాళ్ళ మందు అమ్మి 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టేరు, ఎంతమంది ఆడవాళ్ళు అందులో రాసేరో. తెలుగు పత్రిక నెప్పి మందు డబ్బుతో బతికింది, అందులో సిగ్గేం లేదు. మందు డబ్బా పేజీలోకొచ్చి కూచుని వాక్యాన్ని లేవగొట్టినప్పుడే గొడవ. ఇప్పుడు ఎడిటర్ కూడా అక్కర్లేదు, నువ్వే ముప్ఫై సెకన్ల రీల్‌కి సరిపోయేలా నీ వాక్యాలు నువ్వే కోసేసుకుంటున్నావు.

ఇంకో ఎడిటర్ సంగతి కూడా చెప్పేస్తాను, కడుపులో ఉండిపోయింది. 1996 నవంబర్ 6 తుఫానుకి మా కోనసీమలో కొబ్బరిచెట్లు వేలకి వేలు పడిపోయేయి, నీకు మీ ఇంట్లో చెప్పే ఉంటారు. వారాల తరబడి కరెంటు లేదు, కొట్లలో షాంపూ పాకెట్ లేదు, సబ్బు లేదు. మా వీధి ఆడవాళ్ళం పడిపోయిన కుంకుడుచెట్టు కొమ్మల్లోంచి కాయలేరి చెరువుగట్టున వరసగా కూచుని తలలంటుకున్నాం, అందులో ఇల్లు పోయినావిడ ఉంది, కొడుకు వేటకెళ్ళి రానావిడ ఉంది. ఆవిడ తల నేనే రుద్దేను. జుట్టులో ఇసక, చేప పొలుసు. ఆవిడ ఏడవలేదు, "కళ్ళల్లో పడుతోందమ్మా" అంది, అప్పుడు ఏడిచింది. దాన్ని కథగా రాసి పంపితే తిరిగొచ్చింది, "తుఫాను కథలో తలంటేమిటండీ, ట్రాజెడీ డైల్యూట్ అవుతోంది" అని. మనిషి పోయిన ఇంట్లో కూడా పదోనాడు తలకి పోసుకుంటారు కదండీ అని రాద్దామనుకున్నాను. రాయలేదు. అది చివరికి ఎక్కడా అచ్చవలేదు, ట్రంకుపెట్టిలో వెండిచేప పురుగులు సగం తినేసేయి.

నీ ప్రశ్నలు చాలా ఉన్నాయి. కలం పేరు పెట్టుకోవాలా అన్నావు, ఫోటోలు పెట్టాలా అన్నావు, పుస్తకం వేస్తే ఎన్ని కాపీలు వెయ్యాలన్నావు. ముందు మూడో పేజీ పూర్తి చెయ్యి. హెడ్డింగ్ పీకేసి, ఉప్పురాయి కరిగేక ఏమైందో రాయి. మీ అమ్మమ్మ చెయ్యి నీ నెత్తి మీద బరువుగా పడేదా, ఒకవేళ గోళ్ళు గీసుకునేవా, చివర్న ఎన్ని చెంబులు పోసేవారు, తడిజుట్టుకి సాంబ్రాణి వేసేరా. తెలీకపోతే మీ అమ్మగార్ని అడుగు. నిమ్మకాయ పేజీ ఉంచు, తియ్యకు, మండిందన్న మాట దగ్గర ఆపెయ్యి. మందారాకు పేజీలో బాత్‌రూమ్ జాలీ మూసుకుపోయిందని నువ్వే నవ్వుతూ ఉత్తరంలో రాసేవు కదా, అది ఉత్తరంలో కాదు ఉండాల్సింది.

ఇలా రాసేనని ఏడవకు. ఏడిస్తే మాత్రం ఉప్పు దగ్గర పెట్టుకో.

నీ పిన్నిగారు

తా.క.: దసరాకి ఇటొస్తానన్నావుగా, వచ్చేప్పుడు రాజమండ్రి మెయిన్ రోడ్డులో మందుల దినుసుల కొట్లో పావుకిలో కచోరాలు తీసుకురా. ఇక్కడ అమ్మేవాటికి వాసనే ఉండటం లేదు. పొడి కొట్టించింది వద్దు, దుంపలే.