తోట ఇంట్లో అర్ధరాత్రి ఆగిపోయే ఫ్యాన్లు: రెండో సోలార్ ప్యానెల్ కొనకండి

అన్నా, 335 వాట్ల సోలార్ ప్యానెల్, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ ఉన్నా రాత్రి ఒంటిగంటకే ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోతోందని, ఇంకో ప్యానెల్ కొనాలా అని అడిగారు. ఉక్కలో పాప లేచి ఏడుస్తోందని చదివి మనసు చివుక్కుమంది.

ప్యానెల్ కరెంటును బ్యాటరీకి ఎక్కించే మీ ఛార్జ్ కంట్రోలర్ పీడబ్ల్యూఎం అనే సాదా రకం, చిక్కంతా అక్కడే. ప్యానెల్ 38 వోల్టుల దగ్గర 8.8 ఆంపియర్లు ఇస్తుంది. కంట్రోలర్ దాన్ని బ్యాటరీ వోల్టేజీకి, అంటే 13కి దించేస్తుంది. 13ని 8.8తో గుణిస్తే దాదాపు 114 వాట్లే! మధ్యాహ్నం ఛార్జ్ అవుతుండగా ప్యానెల్ తీగల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 13, 14 చూపిస్తే ఇదే కారణం. ప్యానెల్‌ను దాని అసలు వోల్టేజీ దగ్గరే పనిచేయించి, పూర్తి శక్తిని బ్యాటరీకి మళ్లించే ఎంపీపీటీ రకం కంట్రోలర్, 30 ఆంపియర్లది వేయించండి. ప్యానెల్ వోల్టేజీని అది తట్టుకుంటుందో లేదో మాత్రం చూసి కొనండి.

ఇక ఫ్యాన్లు. 75 వాట్లవి రెండు పది గంటలు తిరిగితే 1500 వాట్-అవర్లు. మీ బ్యాటరీలో ఉండేదే 1800 (12ని 150తో గుణిస్తే), అందులో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 600తో సరిపోతుంది. లైట్లు, ఇన్వర్టర్ నష్టం కలిపినా 800 దాటదు.

ముసురు పట్టిన రోజుల్లో మాత్రం పాప గదిలో ఫ్యాన్ ఒక్కటే వేసుకోండి.