కిట్ కారుకు ఎగ్జాస్ట్ హెడర్ ఏది తీసుకోవాలి, ఎలా బిగించాలి?
రోడ్డు మీద తిప్పే నాలుగు సిలిండర్ల కిట్ కారుకు (విడిభాగాలు తెచ్చి మనమే బిగించుకునే కారు) 4-1 హెడర్ మంచిదా, 4-2-1 మంచిదా అన్నది ప్రశ్న. హెడర్ అంటే సిలిండర్ల నుంచి పొగను బయటికి తీసుకెళ్లే పైపుల సెట్. 4-1లో నాలుగు పైపులూ ఒకేసారి ఒకటిగా కలుస్తాయి, 4-2-1లో ముందు రెండుగా, తర్వాత ఒకటిగా కలుస్తాయి. నా ఓటు 4-2-1కే. మధ్యస్థ ఆర్‌పీఎంలో లాగుడు బాగుంటుంది. 4-1 లాభం ఎక్కువగా పై ఆర్‌పీఎంలోనే కనిపిస్తుంది, అది ట్రాక్‌కు నప్పుతుంది. పైపులు మరీ లావైతే గ్యాస్ వేగం తగ్గి, కింది ఆర్‌పీఎంలో ఇంజన్ డల్‌గా ఉంటుంది.

కిట్ కారులో అసలు టెన్షన్ చోటుతోనే. ఇంజన్, స్టీరింగ్ షాఫ్ట్, స్టార్టర్ మోటార్ తమ తమ చోట్ల కూర్చున్నాకే హెడర్ పెట్టి చూడండి. రబ్బరు మౌంట్ల మీద ఇంజన్ ఊగుతుంది, పైగా స్టెయిన్‌లెస్ స్టీల్ వేడికి మామూలు స్టీల్ కంటే ఎక్కువ సాగుతుంది. కాబట్టి చుట్టూ సందు ఉండాల్సిందే. దగ్గర్లో బ్రేక్ పైపులో వైర్లో ఉంటే హీట్ షీల్డ్ తప్పనిసరి.

ఇంజన్‌కు, హెడర్‌కు మధ్య కొత్త గాస్కెట్ (లీకు ఆపే పలక) వేసి, నట్లన్నీ ముందు చేత్తోనే ఎక్కించండి. తర్వాత మధ్య నుంచి చివర్లకు, కొంచెం కొంచెంగా టార్క్ రెంచ్‌తో బిగించండి. ఒక చివర ముందే గట్టిగా బిగిస్తే ఫ్లాంజ్ (ఇంజన్‌కు ఆనే హెడర్ పట్టీ) సరిగ్గా కూర్చోక, స్టార్ట్ చేయగానే టిక్ టిక్‌మని లీకవుతుంది. ఆ సందులోంచి లోపలికి వచ్చే గాలి వల్ల లాంబ్డా సెన్సర్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచేది) రీడింగ్ కూడా తప్పుతుంది. ఇంజన్ ఒకసారి బాగా వేడెక్కి, పూర్తిగా చల్లారాక నట్ల టార్క్ (బిగువు) మళ్లీ చూడండి.