పోలిక వెంట వచ్చే సామాను

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంగ్లీషు కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి చేతిలో పెన్సిల్ పట్టుకుని. తల్లీకూతుళ్లు ఒకే గదిలో కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడుకోని సన్నివేశం దగ్గర నాకు గొంతు పట్టేసింది. మిగతా పేజీల్లో మాత్రం పోలిక మీద పోలిక. నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. "సిమిలీలు, మెటఫర్లు వాడటం ఇంకా బాగా నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడిగావు. నీ కథతోనే మొదలుపెడదాం తల్లీ.

ముందు పేర్ల సంగతి. సిమిలీ అంటే ఉపమాలంకారం, మెటఫర్ అంటే రూపకం అని బళ్లో చెప్పి ఉంటారు. పరీక్షకు అది చాలు. రాసేవాళ్లకు చాలదు, ఎందుకంటే ఇంగ్లీషులో ఆ పేర్ల కిందికి వచ్చేవి మన లెక్కకన్నా ఎక్కువ. 'ఆకాశం ఏడుస్తోందా అన్నట్టు వాన కురిసింది' అంటే మనకది ఉత్ప్రేక్ష. అదే మాట 'యాజ్ ఇఫ్' పెట్టి ఇంగ్లీషులో రాస్తే దాన్నీ సిమిలీ అనే అంటారు. మెటఫర్ ఇంకా విశాలం. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ఈ రెండిటి తేడా చెప్పడానికి ఒక వీరుణ్ణి తీసుకున్నాడు. అతను సింహంలా దూకాడంటే సిమిలీ, అతన్నే ఉద్దేశించి 'సింహం దూకింది' అంటే మెటఫర్ అన్నాడు. మన అలంకారశాస్త్రంలో ఆ రెండో వాక్యం రూపకం కూడా కాదు, ఉపమేయాన్ని, అంటే మనం పోలుస్తున్న మనిషిని, పూర్తిగా మింగేసిన రూపకాతిశయోక్తి. అందుకే ఇంగ్లీషులో మెటఫర్ అనగానే 'అతను సింహం' లాంటి వాక్యం కోసమే వెతకకు. ఒక్క క్రియలో, ఒక్క విశేషణంలో కూడా అది ఉంటుంది. అన్నట్టు, సిమిలీ అన్న మాటను సిమైల్ అని చదివేవాళ్లు చాలామంది ఉన్నారు. సిమిలీ అనే పలకాలి.

ఇక అసలు విషయం. మెటఫర్ అన్న మాట గ్రీకు నుంచి వచ్చింది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లడం అని దాని అర్థం. ఈనాటి గ్రీకులో కూడా సామాను రవాణాకు ఇదే మాట వాడతారు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి పోలిక రాసిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న వేసుకుంటున్నాను: నేను పిలిచిన వస్తువు తన వెంట ఇంకా ఏమేం మోసుకొస్తోంది? సింహాన్ని పిలిస్తే ధైర్యం ఒక్కటే రాదు. జూలు వస్తుంది, ఆకలి వస్తుంది, గర్జన వస్తుంది, మూతికంటిన నెత్తురు కూడా వస్తుంది.

సిమిలీ వాడాలా మెటఫర్ వాడాలా అంటే, ఆ సామానుకు తలుపు ఎంత తెరవాలన్నదే నాకు కొలత. 'యాజ్ బ్రేవ్ యాజ్ ఎ లయన్' అన్నావనుకో, ధైర్యం ఒక్కటే లోపలికి రావాలి, మిగతావి బయటే ఉండాలి అని చెప్పినట్టు. రెండిటికీ ఉమ్మడిగా ఉన్న గుణాన్ని మనం సమానధర్మం అంటామే, దాన్ని నువ్వే విప్పి చెప్పేశావు. 'లైక్ ఎ లయన్' అంటే తలుపు ఓరగా తీసినట్టు. ధైర్యమా, కోపమా, ఠీవా అన్నది చుట్టుపక్కల వాక్యాలను బట్టి పాఠకుడే పోల్చుకోవాలి. 'హీ వాజ్ ఎ లయన్' అంటే తలుపు బార్లా తెరిచావు, ఏం వచ్చినా సరే అన్నావు. మెటఫర్ బలమైనది, సిమిలీ నీరసమైనది అని కొందరు నేర్పుతారు. నేను ఒప్పుకోను. రెండు వస్తువులూ విడివిడిగా కనబడాలి, వాటి మధ్య ఉన్న దూరం కూడా పాఠకుడికి తెలియాలి అనుకున్నప్పుడు సిమిలీయే కావాలి, మెటఫర్ ఆ పని చెయ్యలేదు.

నీ మూడో పేజీలో కథానాయిక హాల్లోకి వస్తుంది. 'షి వాక్డ్ ఇన్ లైక్ యాన్ ఎలిఫెంట్' అని రాశావు. నీ మనసులో ఉన్నది గజగమన అని నాకు వెంటనే తెలిసింది. ఆ మాట వినగానే మనకు నిదానం, హుందాతనం, ఒక లయ గుర్తొస్తాయి. ఇంగ్లీషు పాఠకుడికి ఏనుగు నడక అనగానే గుర్తొచ్చేది బరువు. నీ నాయిక అడుగు పెడితే అతనికి బల్ల మీది గ్లాసులు అదిరినట్టు వినబడుతుంది. ఆ కింద చంద్రబింబం లాంటి ముఖాన్ని 'మూన్ ఫేస్' చేశావు. స్టెరాయిడ్ మందుల వల్ల ఉబ్బి గుండ్రంగా అయిన ముఖాన్ని ఇంగ్లీషులో డాక్టర్లు ఆ మాటతోనే పిలుస్తారు. గుడ్లగూబ వాళ్లకు తెలివికి గుర్తు. మన దగ్గర ఎవరినైనా ఆ మాట అని చూడు.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టిన కొత్తల్లో ఒక అమ్మమ్మ కథ రాశాను. చివరి పేరాలో ఆమె తన చల్లని చెయ్యి మనవడి తల మీద పెడుతుంది. 'హర్ కోల్డ్ హ్యాండ్' అని రాసి, కథకు ఇంతకన్నా మంచి ముగింపు లేదనుకున్నాను. కథ చదివిన సంపాదకుడు ఒకే ప్రశ్న రాసి పంపాడు: అమ్మమ్మ ఎప్పుడు చనిపోయింది, ముందు ఎక్కడా సూచన లేదేం అని. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. మన భాషలో చల్లదనమంతా ప్రేమే. చల్లని తల్లి, చల్లని చూపు, నీ కడుపు చల్లగా ఉండ అనే దీవెన. ఇంగ్లీషులో 'కోల్డ్' శవానిది, రాతిది, మనసు లేనివాడిది. ప్రేమంతా వెచ్చదనం వైపు చేరింది: వార్మ్ హార్ట్, వార్మ్ వెల్‌కమ్. నా వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, స్పెల్లింగ్ తప్పు లేదు. మాట మాత్రం దాటలేదు.

'కోల్డ్' తీసేసి 'వార్మ్' పెడితే గొడవ వదిలిపోయేది. కానీ నేను చూసిన చెయ్యి అది కాదు. అప్పటిదాకా నీళ్లల్లో పని చేసి వచ్చిన చెయ్యి అది, నిజంగానే చల్లగా ఉంటుంది. మాట మార్చకుండా పిల్లవాడికి జ్వరం పెట్టాను. కాలిపోతున్న నుదుటి మీద తడి ఆరని చల్లని చెయ్యి పడితే అది ఏ భాషలోనైనా ప్రేమే. అప్పుడు తెలిసింది, మాట తెచ్చే సామానును చుట్టూ ఉన్న సందర్భంతో సరిచెయ్యొచ్చని. నీ ఏనుగును కూడా అలా కాపాడుకోవచ్చు. ఊరికే ఏనుగు అనకుండా, తొందర అన్నదే తెలియని దాని నడకను రెండు ముక్కల్లో చూపించు. పాఠకుడు నీ ఏనుగునే చూస్తాడు, తన ఏనుగును పక్కన పెడతాడు.

వ్యాకరణం విషయం ఒకటి చెప్పి వదిలేస్తాను. 'హీ వర్క్స్ లైక్ ఎ స్లేవ్' అంటే బానిసలా కష్టపడుతున్నాడని. 'యాజ్ ఎ స్లేవ్' అంటే అతను నిజంగానే బానిస. నీ కథలో ఈ తప్పు రెండుచోట్ల ఉంది, గుర్తు పెట్టాను. ఇంకో మాట, 'లైక్' కనబడిందల్లా సిమిలీ కాదు. 'షి లుక్స్ లైక్ హర్ సిస్టర్' అంటే అక్కలా ఉందని ఉన్నమాట చెప్పడమే. వేరు వేరు జాతుల వస్తువుల మధ్య పోలిక కలిస్తేనే దాన్ని సిమిలీ అంటారు.

అరిగిపోయిన పోలికల గురించి ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో ఒక వ్యాసంలో గట్టిగానే రాశాడు. అచ్చులో తరచూ కనబడే పోలికను వాడనే వద్దన్నాడు. నాకు ఆ నియమం కన్నా దాని వెనకున్న విభజన ఎక్కువ ఉపయోగపడింది. కొత్తగా పుట్టిన పోలిక కళ్ల ముందు బొమ్మ కట్టిస్తుంది. పూర్తిగా చచ్చిపోయిన పోలిక మామూలు మాట అయిపోతుంది కాబట్టి దానితో బాధ లేదు. 'విండో' అన్న మాటకు పాత నార్స్ భాషలో గాలి కన్ను అని అర్థం, ఇవాళ ఎవరికీ కన్ను కనబడదు, కిటికీయే కనబడుతుంది. చిక్కంతా ఈ రెండిటి మధ్య ఉన్నవాటితోనే. బొమ్మ కట్టించవు, మామూలు మాటా కాలేవు. 'యాజ్ బిజీ యాజ్ ఎ బీ', 'యాజ్ వైట్ యాజ్ స్నో' ఆ కోవలోవి. గీత మీద కాలివేలు ఆనించి నిలబడటం అనే 'టో ద లైన్'ను కొందరు తాడు లాగే 'టో'గా రాసేస్తున్నారని కూడా ఆర్వెల్ చూపించాడు. రాసేవాళ్లకు అక్కడ కాలూ కనబడలేదు, గీతా కనబడలేదు. అయితే పాత్రల నోట అరిగిన పోలిక రావచ్చు. మనుషులు అలాగే మాట్లాడతారు. కథ చెబుతున్న నీ గొంతులో మాత్రం వద్దు.

బొమ్మ చూడకుండా రాస్తే ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆమె దుఃఖం సముద్రమని, ఆ సముద్రం ఆమె బతుకు వేళ్లన్నిటినీ కాల్చేసిందని ఏడో పేజీలో రాశావు. సముద్రం, వేళ్లు, మంట ఒకే వాక్యంలో. వినడానికి బాగానే ఉంది. కళ్లు మూసుకుని ఆ మూడిటినీ ఒకేసారి ఊహించి చూడు. ఒకటే ఉంచుకో, ఏది ఉంచుకోవాలో నీకు తెలుస్తుంది.

చివరగా అయిదో పేజీలో తల్లి ఉత్తరం చదివే చోటు. 'హర్ హ్యాండ్స్ ట్రెంబుల్డ్ లైక్ ఎ లీఫ్' అని ఉంది. ఆకు దానికదే వణకదు, బయటి గాలికి వణుకుతుంది. ఈ తల్లి వణుకు లోపల్నుంచి వస్తోంది, పైగా కూతురు చూస్తుందని చేతులు అదిమిపెట్టుకుంటోంది. లోపలి ఒత్తిడికి కదులుతూ, కదలకూడదని బిగబట్టుకునేది ఏముందా అని ఒక పూటంతా ఆలోచించాను. మరుగుతున్న గిన్నె మీది మూత గుర్తొచ్చింది. 'లైక్ ద లిడ్ ఆన్ ఎ బాయిలింగ్ పాట్' అంటే సిమిలీ అవుతుంది, ఆకు కన్నా చాలా నయం. కానీ అంత బాధలో పాఠకుణ్ణి పొయ్యి దగ్గరికి తీసుకెళ్లడం నాకు నచ్చలేదు. మూత చేసే చప్పుడును మాత్రం ఉంచుకుని 'హర్ హ్యాండ్స్ రాటిల్డ్ ఇన్ హర్ ల్యాప్' అని చూశాను. గిన్నె పోయింది, మంట పోయింది, మూత కూడా పోయింది. ఆ ఒక్క క్రియలో వణుకూ ఉంది, అణచుకోవడమూ ఉంది. ఇదీ మెటఫరే. ఇది నా మాట, నువ్వు వాడుకోవద్దు. ఆ చేతులను నువ్వు చూశావు, నేను చూడలేదు. వాటికి సరిపోయే క్రియ నీకే దొరకాలి.

మూడు, అయిదు, ఏడు పేజీలు మళ్లీ రాసి పంపు. ఎన్ని రోజులు పట్టినా ఫర్వాలేదు. తల్లీకూతుళ్లు మౌనంగా కూర్చున్న ఆ గదిలోకి మాత్రం ఏ పోలికనూ తీసుకురాకు. అక్కడ తల్లి చెయ్యి కుర్చీ చేతి మీద ఉందని రాశావు. అలాగే ఉండనీ.

ఆశీస్సులతో.